గుర్రానికి జాతకం, గిత్తకి జాతర

మలక్‌పేట రేస్‌కోర్సులో ఏ గుర్రం దిగినా దాని వయసెంతో, తల్లిదండ్రులెవరో, కిందటి పందేల్లో ఎన్నో స్థానంలో వచ్చిందో, ఇవాళ వీపు మీద ఎన్ని కిలోలు మోస్తోందో అచ్చేసిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం కొనేవాడికి గుర్రం మీద ప్రేమేమీ ఉండదు, ఉన్నదల్లా పెట్టిన డబ్బు మీద ప్రేమే. అయినా సరే, ఆ లెక్క పుణ్యమా అని గుర్రానికి ఒక చరిత్రంటూ ఉంటుంది. అదే మన హుజూర్‌నగర్ వైపో, గద్వాల వైపో లక్షలు పలికే ఒంగోలు గిత్త బండ లాగడానికి దిగితే మైకులో ఏం చెప్తారు? యజమాని పేరు, ఊరి పేరు, ప్రైజు ఇచ్చిన నాయకుడి పేరు, ఆ నాయకుడి తండ్రిగారి పేరు. గిత్త గురించి మాత్రం "నాలుగు పళ్ళ విభాగం" అని ఒక ముక్క. అంతే.

నేను చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తా, మధ్యలో వదిలేసి వెళ్ళేవాళ్ళకి కూడా అందాలి కాబట్టి. ఎదుగుతున్న గిత్తల్ని పై విభాగంలోకి ఎక్కించే నిర్ణయం మన దగ్గర లెక్క చూసి జరగట్లేదు, ధర చూసి జరుగుతోంది. దాన్ని ఆపగలిగే శక్తి కోర్టులకంటే, పశువైద్య శాఖకంటే ముందు మనకే ఉంది. మనకి అంటే గచ్చిబౌలిలోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో కూర్చుని కోడు రాసుకుంటూ, జాతర కమిటీ కుర్రాడు ఫోన్ చెయ్యగానే "మా ఊరి పేరు నిలబడాలి బ్రదర్" అని చందా కొట్టే మనకి.

తెలియనివాళ్ళ కోసం ఆట గురించి కొంచెం. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో (ఇప్పుడు ముక్కలై సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల అయ్యాయి, నాకింకా పాత పేర్లే నోటికొస్తాయి) జాతర అంటే బండలాగుడు ఉండాల్సిందే. మేళ్ళచెరువు శివరాత్రి జాతర పందేలకి ఎక్కడెక్కడి నుంచో జతలు లారీల్లో దిగుతాయి. పాలమూరు వైపు సింగోటం, మల్దకల్ లాంటి చోట్ల కూడా ఇదే సందడి. జతకి ఒక బండ కడతారు. ఇంత సమయం అని పెడతారు. ఆ సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే అదే మొదటి ప్రైజు. దూరాన్ని అడుగుల్లో కొలుస్తారు. ఆట ఇంతే, చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు.

విభాగాలే అసలు సంగతి. గిత్త నోరు తెరిచి పళ్ళు చూస్తారు. పాలపళ్ళు రాలి పెద్ద పళ్ళు జతలు జతలుగా వస్తాయి. రెండేళ్ళు దాటాక రెండు, మూడేళ్ళ దగ్గర నాలుగు, మూడున్నర నాలుగేళ్ళకి ఆరు, ఐదేళ్ళలోపు ఎనిమిది. ఇవి సుమారు లెక్కలే, జాతిని బట్టి మేతని బట్టి ముందూ వెనకా అవుతాయి. పళ్ళు పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. ఆ పైన సీనియర్లు ఉంటారు, వాళ్ళ బండ చూస్తే ట్రాక్టరుకి కూడా దడ పుడుతుంది. ఏ విభాగానికి ఎన్ని క్వింటాళ్ళ బండ, ఎన్ని నిమిషాలు అనేది కమిటీ కమిటీకీ మారిపోతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తా.

ఇప్పుడు మా మేనమామ జత సంగతి. కిందటి సీజన్‌లో నాలుగు పళ్ళ విభాగంలో ఆ రెండింటినీ చూసినవాళ్ళెవరూ మర్చిపోలేదు. దాపటిది, అంటే కాడికి ఎడమవైపు కట్టేది, కొంచెం పొట్టిగా గుండ్రంగా ఉంటుంది, తల దించిందంటే ఇక ఎత్తదు. ఎలపటిది పొడుగు, జోరు ఎక్కువ, జనం ఈల వేస్తే ఉలిక్కిపడుతుంది. ఎలపటిది ఈమధ్యే ఆరు పళ్ళు వేసింది. దాపటిదానికి ఇంకా నాలుగే. జతలో ఒకదానికి పళ్ళు పెరిగితే జత మొత్తం పై విభాగానికి పోవాల్సిందే. కాబట్టి మామ ముందు మూడు దారులున్నాయి. జత విడగొట్టి దాపటిదానికి ఇంకో నాలుగు పళ్ళదాన్ని వెతకడం. రెండింటినీ ఒక ఏడాది ఆపడం. లేదా ఈ సీజన్‌లోనే పెద్ద బండకి కట్టెయ్యడం. ఒకాయన మాత్రం, పై విభాగంలో ఒక్కసారి ప్రైజు కొట్టి చూపించండి, జతకి అడిగినంత ఇస్తా అని కబురు పెట్టాడు. ఏ దారి వైపు మొగ్గుతున్నారో వేరే చెప్పాలా?

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. బండ లాగించడం నా వల్ల కాదు, ఎక్సెల్ లాగించగలను. ఆ జత పరుగుల వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి, ఇప్పుడు ప్రతి జాతరకీ లైవ్ ఉంటోంది కదా. పదిహేను నిమిషాల పోటీని ఐదేసి నిమిషాలుగా విడగొట్టి, ఎన్ని నిడివులు లాగాయో లెక్కపెట్టాను. కోర్టు పొడవు 250 అడుగులు. సీజన్ మొదట్లో ఒక పోటీలో మొదటి ఐదు నిమిషాల్లో 5 నిడివులు, తర్వాత 4, చివర్లో 3. మొత్తం 12, అంటే 3,000 అడుగులు. మొదటి ప్రైజు. సరిగ్గా పన్నెండు రోజుల్లో మూడో పోటీ అదే బరువుతో అదే కొలత కోర్టులో ఆడితే 5, 3, 2. మొత్తం 10, అంటే 2,500 అడుగులు. అక్కడా మొదటి ప్రైజే వచ్చింది, అవతలి జతలు అంతకంటే నీరసంగా ఉన్నాయి కాబట్టి. ఇంట్లో గోడ మీద రెండు ఫొటోలూ ఒకేలా మెరుస్తున్నాయి. కానీ రెండో ఫొటో వెనక 500 అడుగులు తగ్గాయి, ఆ తగ్గుదలంతా పోటీ చివరి పది నిమిషాల్లోనే ఉంది.

చెప్పొచ్చేదేంటంటే, ప్రైజు వేరు, ఫామ్ వేరు. మన ప్రొఫెషన్‌లో ఈ తేడా అందరికీ తెలుసు. రిలీజ్ బయటికి వెళ్ళింది, క్లయింట్ కేక్ కోయించాడు, కానీ సర్వర్ మెమరీ రోజురోజుకీ కారిపోతోంది. గ్రాఫ్ చూసేవాడికి అది మూడు వారాల ముందే తెలుస్తుంది. గ్రాఫే లేని చోట పడిపోయిన రోజున తెలుస్తుంది.

సరే, పై విభాగానికి మారడం అంటే బరువు కొంచెం పెరగడమేగా, ఎందుకింత రాద్ధాంతం అనొచ్చు. ఇక్కడ ఇంగ్లండు, ఐర్లండు గుర్రాల గురించి చెప్పుకోవాలి. అక్కడ గుర్రప్పందేలు రెండు రకాలు. ఒకటి చదునైన నేల మీద పరుగు. రెండోది హర్డిల్స్, అంటే దారిలో కంచెల్లాంటివి పెట్టి వాటి మీంచి దూకిస్తూ రెండు మైళ్ళో అంతకంటే ఎక్కువో పరుగెత్తించడం. (మలక్‌పేటలో ఈ దూకుడు పందేలు లేవు, చదును పరుగే.) చదును మీద బాగా పరుగెత్తిన గుర్రాన్ని హర్డిల్స్‌కి మార్చడం అక్కడ మామూలే. మారిస్తే ఏమవుతుందన్నది ముందే బోలెడు చర్చ జరుగుతుంది. ఎందుకంటే చదును మీద పనికొచ్చే గుణం వేరు, హర్డిల్స్‌లో పనికొచ్చేది వేరు. అక్కడ ఉరుకు ఒక్కటే చాలదు. దమ్ము కావాలి, నిదానం కావాలి, కాళ్ళు గట్టివై ఉండాలి, బెదరకూడదు.

రెండు ఉదాహరణలు. సీ పిజన్ అనే గుర్రం 1973 ఎప్సమ్ డెర్బీలో ఏడో స్థానంలో వచ్చింది. చదును మీద అది గొప్ప ఫలితం కాదు. అదే గుర్రం హర్డిల్స్‌కి మారి, పదేళ్ళ వయసులో ఒకసారి, పదకొండేళ్ళకి ఇంకోసారి, 1980, 1981లలో వరసగా చాంపియన్ హర్డిల్ గెలిచింది. రెండోది ఇస్తాబ్రాక్. చదును పందేల్లో పెద్దగా రాణించకపోతే అమ్మేశారు. హర్డిల్స్‌కి వెళ్ళి 1998, 1999, 2000 మూడేళ్ళూ చాంపియన్ హర్డిల్ కొట్టింది. రిటైరయ్యాక హాయిగా పచ్చిక మేసి 32 ఏళ్ళు బతికి 2024లో పోయింది. వీటికి ఉల్టా ఉదాహరణలు, చదును మీద మెరిసి హర్డిల్స్‌లో చతికిలబడ్డవి, వందలున్నాయి.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఏంటి? మార్చొద్దనా? కాదు. మార్చే ముందు వాళ్ళు ఏం చేస్తారో చూడండి. ఇంటి దగ్గర చిన్న చిన్న అడ్డాల మీంచి దూకించి నేర్పిస్తారు. కుర్ర గుర్రాలకి విడిగా పందేలు, ఆటకి కొత్తగా వచ్చినవాటికి విడిగా పందేలు. తొలి రోజే ముదురు చాంపియన్ పక్కన నిలబెట్టడం మామూలు పద్ధతి కాదు. ప్రతి పరుగూ రాసి ఉంటుంది, దాన్ని బట్టి రేటింగు, రేటింగుని బట్టి బరువు. దురదృష్టం కొద్దీ గుర్రం చచ్చిపోతే ఆ లెక్క కూడా రాస్తారు, పత్రికలు ఏకిపారేస్తాయి. కొరడా దెబ్బలకి కూడా లెక్కుంది. 2023 నుంచి బ్రిటన్‌లో చదును పందెంలో ఆరు, దూకుడు పందెంలో ఏడు. అంతకు మించి నాలుగు దెబ్బలు ఎక్కువ పడితే గెలిచిన గుర్రాన్ని కూడా పోటీ నుంచి కొట్టేస్తారు.

మా దాపటి గిత్త పరిస్థితి కూడా అచ్చం ఇదే. నాలుగు పళ్ళ బండకి మొదటి ఐదు నిమిషాల జోరు చాలు. పెద్ద బండకి చివరి ఐదు నిమిషాల్లో తల దించుకుని అడుగు తర్వాత అడుగు వేసే గుణం కావాలి. నేను పదే పదే చూసిన వీడియోల్లో ఆ గుణం దాపటిదానికే ఉంది. ఎలపటిది జోరు తగ్గినప్పుడు బండ ఒరగకుండా కాడిని నిలబెట్టింది అదే. కానీ దానికి ఇంకా నాలుగు పళ్ళే! అంటే జతలో పెద్ద బండకి పనికొచ్చే గుణం ఉన్నదానికి వయసు రాలేదు, వయసొచ్చినదానికి నిదానం రాలేదు. ఈ జతని ఇప్పుడే ఎక్కిస్తే బరువంతా ఎవరి మెడ మీద పడుతుందో చెప్పడానికి బీటెక్ అక్కర్లేదు. ఒక ఏడాది ఆపండి, రెండింటినీ తక్కువ బరువుతో నడిపించండి, వచ్చే శివరాత్రి తర్వాత ఆ జత కృష్ణకి ఇటూ అటూ ఎవరికీ అందదు. ఇది నా అంచనా. తప్పయితే తప్పని రుజువు చెయ్యడానికి కూడా లెక్క కావాలి కదా.

ఇదే మామతో చెప్తే ఆయన నవ్వి, "ఏడాది ఆపితే అడిగెటోడు ఉంటడారా అల్లుడూ? ఉలవలు, శనగలు, ఖర్జూరాలు నువ్వు బెడ్తవా?" అన్నాడు. ఆ ప్రశ్న నవ్వి వదిలేసేది కాదు. ఈ గిత్తల మేత, లాడాలు, చూసుకునే మనిషి జీతం కలిపితే నెలకయ్యే ఖర్చు మనలో చాలామంది కట్టే ఈఎంఐకి దగ్గరగా ఉంటుంది. సాగర్ ఎడమ కాలవ కింద పొలాల్లోకి ట్రాక్టర్లు వచ్చాక ఎద్దు చేత దున్నించేవాళ్ళు తగ్గిపోయారు. పని లేని ఎద్దుని ఎవరు మేపుతారు? పందెం ఒక్కటే దాన్ని కొట్టంలో ఉంచుతోంది. పెబ్బేరు సంతలో నిలబడి చూడండి, సేద్యం ఎద్దుకి పలికే ధరకీ, వీడియో ఉన్న పందెం గిత్తకి పలికే ధరకీ పోలికే ఉండదు. కాబట్టి మామ మీద నాకు కోపం లేదు. ఆయన ముందున్న లెక్కల్లో గిత్త మోకాలికి కాలమ్ లేదు, ధరకి మాత్రమే ఉంది. లేని కాలమ్‌లో ఎవరైనా ఏం రాస్తారు?

ఆ కాలమ్ లేకపోతే ఏమవుతుందో ఒకచోట కళ్ళారా చూశా. ఊరి పేరు అనవసరం. కొత్తగా పై విభాగానికి వచ్చిన జత. పదో నిమిషంలో ఒకటి ముందు మోకాళ్ళ మీద పడింది. తోలేవాడు ముల్లుకర్రతో పొడిచి లేపాడు. జనం చప్పట్లు. లేచి ఇంకో నిడివి లాగింది, మళ్ళీ పడింది. మైకులో ఉన్నాయన "శభాష్, పౌరుషం అంటే ఇదీ" అన్నాడు. పౌరుషం ఎవరిది స్వామీ? పొడిచినవాడిదా, పొడిపించుకున్నదానిదా? ఆ గిత్త తర్వాత ఏ పోటీలోనూ కనపడలేదు. ఏమైందని అడిగితే "అమ్మేసిండ్రు" అన్నారు. ఎవరికి అని అడక్కుండానే మాట మార్చారు.

ఇప్పుడు రెండు వైపుల నుంచీ రాళ్ళు పడతాయని తెలుసు, ఒక్కొక్కరికీ జవాబు చెప్తా.

మొదటి బ్యాచ్: "ఇదంతా హింస, మొత్తం బ్యాన్ చేసెయ్యాలి." అయ్యా, బ్యాన్ కథ చూశాం కదా. 2011 జూలై 11న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చి ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాల సరసన ఎద్దుని కూడా ప్రదర్శనకి శిక్షణ ఇవ్వకూడని జంతువుల జాబితాలో చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునీ ఎడ్లబండి పందేలనీ ఆపమంది. 2016 జనవరిలో కేంద్రం జల్లికట్టుకీ, ఆరు రాష్ట్రాల ఎడ్లబండి పందేలకీ మినహాయింపిస్తే అయిదు రోజుల్లో కోర్టు దాని మీదా స్టే ఇచ్చింది. ఆ మినహాయింపు జాబితాలో మన రెండు తెలుగు రాష్ట్రాల పేర్లే లేవు. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు సవరించుకున్నాయి, 2023 మే 18న ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ మూడింటినీ సమర్థించింది. ఇన్నేళ్ళ ఈ తతంగంలో మన జాతరల్లో బండలు కదలడం మానేశాయా? నిషేధం అనేది ఢిల్లీ కాగితం మీద ఉంటే, కింద జరిగేది ఎవరూ రాయని, ఎవరూ కొలవని ఆట అవుతుంది. పోనీ ఉన్న చట్టమైనా గట్టిదా అంటే, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మాదాపూర్‌లో రెండు టీల ఖరీదు.

పైగా ఈ బ్యాన్ మనస్తత్వంలో ఒక వివక్ష ఉంది, అది నాకు గుచ్చుకుంటుంది. 1996 జనవరి 12న ఇదే సుప్రీంకోర్టు గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యంతో కూడిన ఆట అంది. గుర్రం పరుగు కోసమే పుట్టి పెరిగింది, ఎద్దు శరీరం పరుగుకి తగ్గది కాదు అన్నది 2014 తీర్పులోని వాదన. ఒప్పుకుంటా, ఎద్దు గుర్రం కాదు. కానీ ఎద్దు తరతరాలుగా చేసింది బరువు లాగడమే కదా, కనీసం ఆ ఆటకి ఎంత బరువు, ఏ వయసులో, ఎంతసేపు అనే ప్రశ్నైనా వేసి ఉండాల్సింది. గుర్రం వెనక క్లబ్బులున్నాయి, లాయర్లున్నారు, స్టడ్‌బుక్కుంది. ఎద్దు వెనక ఉన్నది రైతు. ఇంకో ముచ్చట తెలుసా, హైదరాబాద్ గుర్రప్పందేల్ని 1886లో మౌలాలి నుంచి మలక్‌పేటకి మార్పించింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. మన పాలమూరు మహబూబ్‌నగర్ అయింది ఆయన పేరు మీదే. ఆయన గుర్రాలకి దక్కిన మైదానం ఆయన పేరున్న జిల్లా గిత్తలకి దక్కలేదు. :)

రెండో బ్యాచ్: "ఇది మా సంస్కృతి, మా పౌరుషం, నీలాంటి ఏసీ గదుల కుర్రాళ్ళు చెప్పేదేంటి?" ఏసీ గది సంగతి నిజమే. కానీ సంస్కృతి అంటే ముల్లుకర్ర కాదు. మా తాత ఎద్దుకి కాడి పుండు పడితే మానేదాకా కట్టేవాడు కాదు, ఏరువాక వెనకపడినా సరే. కుర్ర గిత్తకి మొదట తేలిక పని పెట్టి, ముదురు ఎద్దు పక్కన కట్టి నేర్పించేవాడు. ఇంగ్లండువాడు చిన్న అడ్డాల మీంచి గుర్రాన్ని దూకించడం చూసి నోరెళ్ళబెడతాం కానీ, ఆ పద్ధతి మన కొట్టాల్లోనే ఉండేది. ఇవాళ పళ్ళు రాగానే బండకి కట్టి, పది రోజుల్లో మూడు జాతరలు తిప్పి, వీడియో తీసి అమ్మేదాన్ని సంస్కృతి అనకండి. దాని పేరు వ్యాపారం. వ్యాపారం తప్పు కాదు, కానీ వ్యాపారానికి లెక్కలుండాలి.

లెక్క రాసినవాళ్ళకి ఏం దక్కిందో బ్రెజిల్‌లో చూడండి. మన ఒంగోలు జాతే అక్కడ నెలోర్ పేరుతో, అంటే నెల్లూరు పేరుతో, ఆ దేశపు పశుసంపదకి వెన్నెముక అయింది. వాళ్ళు ప్రతి దూడకీ తల్లెవరు తండ్రెవరు అని రాసిపెట్టుకున్నారు. 2023లో వియాతినా-19 అనే నెలోర్ ఆవులో మూడోవంతు వాటా వేలం వేస్తే, ఆ లెక్కన ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఇక్కడ దాని చుట్టాలకి జాతర అయిపోయాక ఊరు పేరు కూడా మిగలదు.

లెక్కలు, కాగితాలు ఉంటే చాలా, క్రూరత్వం ఆగిపోతుందా అంటే, ఆగదు. 2025లో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్ తరలించిన 57 గుర్రాల్లో పదికి పైగా చనిపోయాయి. పందెపు గుర్రాలకే ఆ గతి పట్టింది. కానీ చూడండి, ఎన్ని బయల్దేరాయి, ఎన్ని చచ్చిపోయాయి అని ఒక సంఖ్య ఉంది కాబట్టి వ్యవహారం కోర్టుదాకా వెళ్ళింది. మోకాళ్ళ మీద పడ్డ ఆ గిత్త విషయంలో అడగడానికి సంఖ్య కూడా లేదు.

సరే, విమర్శ చాలు, ఏం చెయ్యాలో చెప్తా. వీటిలో ఏదీ రాకెట్ సైన్స్ కాదు, ఏ జాతర కమిటీ అయినా వచ్చే సీజన్ నుంచే చెయ్యొచ్చు.

1. గుర్తింపు. ప్రభుత్వం పశువుల చెవికి 12 అంకెల నంబరున్న పసుపు ట్యాగు వేస్తోంది, పశువుల ఆధార్ అంటారు. ఆ నంబరు లేని గిత్తని కోర్టులోకి రానివ్వకండి. ప్రతి పోటీ ఫలితం ఆ నంబరు మీద రాయండి. మనలో ఎవరైనా ఒక శనివారం కూర్చుంటే దీనికి యాప్ రాసెయ్యగలం.

2. బండ బరువు. ధాన్యం లారీలని తూచే కాటా మీద బండని కూడా తూచి, రసీదు బోర్డు మీద అంటించండి. విభాగానికి ఇంత అని జిల్లా కమిటీలన్నీ కూర్చుని ఒకే లెక్క పెట్టుకోండి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న వాక్యం ఇదే. బరువు ఒక్కొక్క చోట ఒక్కొక్కటైతే ఫామ్ అనే మాటకి అర్థమే లేదు.

3. పళ్ళతో పాటు కాళ్ళు. పశువైద్యుడు పళ్ళు చూడగానే సరిపోదు. మెడ, మోకాళ్ళు, డెక్కలు చూసి సంతకం పెట్టాలి. పళ్ళు రావడం, ఎముక గట్టిపడటం ఒకే రోజున జరగవు.

4. విరామం. ఒక జత ఒక పోటీ ఆడాక కనీసం రెండు వారాలు ఇంకో చోట దిగకూడదు. పై విభాగానికి కొత్తగా వచ్చిన జతలకి మొదటి సీజన్‌లో విడి పోటీ, మధ్యస్థం బరువు, తక్కువ సమయం.

5. ముల్లుకర్ర గేటు బయటే. చర్నాకోల దెబ్బలకి పరిమితి, లెక్కపెట్టడానికి ఒక మనిషి. ఏ గిత్త అయినా మోకాలు నేలకి ఆనిస్తే ఆ క్షణమే ఆ జత పోటీ అయిపోయినట్టే. అప్పటిదాకా లాగిన దూరానికే లెక్క.

6. మొత్తం దూరం ఒక్కటే కాదు, ఐదు నిమిషాలకోసారి దూరం ప్రకటించండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ అన్నిటికంటే పెద్దది. కొనేవాడికి చివరి ఐదు నిమిషాల అంకె కనపడితే, అలిసిపోయిన గిత్తని తిప్పి తిప్పి ప్రైజులు పోగేసే యజమానికి ధర తగ్గుతుంది. ఆపి, మేపి, సరైన వయసులో దించిన యజమానికి ధర పెరుగుతుంది. మామ అడిగిన ప్రశ్నకి అదే జవాబు. ఏడాది ఆపితే అడిగేవాడుంటాడా అంటే, లెక్క చదవగలిగినవాడు ఉంటాడు, ఎక్కువ ఇచ్చి మరీ కొంటాడు.

"కమిటీలు మన మాటెందుకు వింటాయి?" అంటారా? వింటాయి. కరపత్రం కింద ప్రైజు దాతల జాబితా ఎప్పుడైనా చదివారా? మొదటి ప్రైజు నాయకుడిది, నిజమే. మూడు నుంచి పదిదాకా ఎవరివి? ఫలానావారి అబ్బాయి, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, యు.ఎస్.ఏ. ఫలానా మిత్రబృందం, హైదరాబాద్. షామియానా మనది, లైవ్ కెమెరా మనది, అన్నదానంలో సగం మనది. ఆఫీసులో పదివేల రూపాయల సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొనాలంటే నాలుగు అప్రూవల్స్ అడుగుతాం. ఊరికి పాతికవేలు పంపేటప్పుడు మాత్రం ఫ్లెక్సీ మీద మన ఫొటో ఎంత సైజులో పడుతుందని తప్ప ఇంకేమీ అడగం. ఆ గిత్త మెడ మీద కాడి వేసినవాళ్ళలో మనమూ ఉన్నాం. చందా మానెయ్యమని నేను అనట్లేదు. మానేస్తే ఆ ఖాళీలోకి బెట్టింగువాళ్ళు వస్తారు. చందా ఇవ్వండి, షరతుతో ఇవ్వండి.

ఈ ఏడాది కమిటీ కుర్రాళ్ళు ఫోన్ చేసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. బండ తూచిన రసీదు ఉందా? గిత్తల చెవి నంబర్లు రాస్తున్నారా? మోకాలు ఆనితే ఆపుతారా? మూడింటికీ ఉంది, అవును అన్న ఊరికి రెట్టింపు పంపండి. "అదంతా ఎందుకన్నా, మన ఊరి పరువు" అన్న ఊరికి, అది మీ సొంతూరే అయినా సరే, రూపాయి కూడా పంపకండి.